పాత జీపుకి ఫోన్ కెమెరా మేకప్: ఉదయగిరి కొండ కింద మూడు ఫోన్లతో ఒక సాయంత్రం

మన సైట్‌లో కెమెరా రివ్యూలు ఎప్పుడూ ఒకే దారిలో పోతుంటాయి. పగలు ఒక చెట్టు, రాత్రి ఒక వీధి, మధ్యలో ఒక ప్లేటు బిర్యానీ, చివర్లో సెల్ఫీ. ఫోన్ కంపెనీలు కూడా కెమెరాని ట్యూన్ చేసేది ఇలాంటి ఫొటోల కోసమే కాబట్టి అన్నీ బాగానే వస్తాయి. ఈసారి వేరే పరీక్ష పెట్టాను. ఎర్ర పెయింట్, మెరిసే బంపర్, సుత్తితో కొట్టి సరిచేసిన రేకు, అక్కడక్కడా తుప్పు ఉన్న యాభై ఏళ్ళ పైబడిన జీపు. దాన్ని ఉన్నది ఉన్నట్టు తియ్యాలి. అందంగా తియ్యడం కంటే ఇది చాలా కష్టమని ఆ సాయంత్రం తెలిసింది.

ఉన్నది ఉన్నట్టే ఎందుకంటే, ఆ జీపు అమ్మకానికి ఉంది. అది మా మామది, ఉండేది ఆత్మకూరులో. అంతకు ముందు చెన్నై నుంచి ఒకాయన ఫొటోలు చూసి, ఫోన్లోనే ధర మాట్లాడుకొని, ఆదివారం పనిగట్టుకొని వచ్చారు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, డ్రైవర్ సీటు కింద చెయ్యి పెట్టి చూసి, "ఫొటోలో ఇవేం కనపళ్ళేదే" అని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఆ ఫొటోలు తీసింది ఒక బ్రోకర్. ఆయనేమీ ఎడిట్ చెయ్యలేదు, ఫోన్ తీసి బటన్ నొక్కాడు, అంతే. మిగతాదంతా ఫోనే చేసిపెట్టింది. అయినా ఊళ్ళో మాట పడింది మా మామ. మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వడం లేదు, కూతురి చదువుకి డబ్బు కావాలి, పైగా "మోసం బండి" అన్న పేరు. అందుకే బెంగళూరు నుంచి రెండో ఆయన ఫొటోలు అడిగినప్పుడు మామ నాకు ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు. "అబ్బయా, సొట్టలుంటే సొట్టలు, బొక్కలుంటే బొక్కలు. ఏదీ దాయబాక. మళ్ళీ ఒకరొచ్చి ముఖం తిప్పుకొని పోతే నాకు నామోషీ."

సంక్రాంతికి ఊరికి వెళ్ళడం ఎలాగూ ఉంది. పండక్కి వచ్చిన కుర్రాళ్ళు కొంతమంది ఉదయగిరిలో కొండ కింద తమ పాత బళ్ళన్నీ ఒకచోట నిలబెడుతున్నారని, అక్కడికి జీపు తీసుకెళ్దామని మామే అన్నాడు. కార్ షో అంటే టికెట్లు, స్టాళ్ళు ఊహించుకోకండి. ఖాళీ స్థలం, ఒక టీ బండి, పదిహేను ఇరవై వాహనాలు. రెండు మూడు బుల్లెట్లు, ఒక యెజ్డీ, ఒక రాజ్‌దూత్, తెల్ల అంబాసిడర్, ఎవరో కిందికి దించి వెడల్పు టైర్లు వేసిన ప్రీమియర్ పద్మిని. జీపులు మాత్రం నాలుగైదు. ఈ పక్క పాత బండి అంటే జీపే కదా.

హాట్ రాడ్ అంటే అమెరికాలో ఒకటి, మన దగ్గర ఇంకొకటి

ఇన్‌స్టాలో హాట్ రాడ్ రీల్స్ చూసేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. 1930ల్లో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్ళు చవగ్గా దొరికే పాత ఫోర్డ్ కార్లు కొని, బరువు తగ్గడానికి మడ్‌గార్డులు పీకేసి, బలమైన ఇంజన్ పెట్టి, ఎండిపోయిన సరస్సుల మీద పందేలు వేసుకునేవాళ్ళు. 1932లో ఫోర్డ్ తెచ్చిన వీ8 ఇంజన్ మామూలు జనానికి అందుబాటు ధరలో దొరికిన మొదటి వీ8. అందుకే ఆ ఏడాది ఫోర్డ్ బాడీకి హాట్ రాడ్ లోకంలో ఇప్పటికీ అంత మోజు. 1948లో "హాట్ రాడ్" పేరుతో పత్రికే మొదలైంది.

మన వైపు కథ వేరు. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన సీజే-3బీ మోడల్లో ఉండేది హరికేన్ అనే పెట్రోల్ ఇంజన్. అది పాతదాని కంటే ఎత్తుగా ఉండటంతో బానెట్‌ని కూడా పైకి లేపాల్సి వచ్చింది. మా మామ జీపు అదే, ఆర్సీలో 1969 అని ఉంది. ఆ ఇంజన్ పెట్రోల్‌ని నీళ్ళలా తాగేది. దాంతో మెకానిక్కులు దాన్ని దించేసి డీజిల్ ఇంజన్ ఎక్కించేవాళ్ళు. మహీంద్రా గ్రూప్ 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్ల వ్యాపారంలోకి దిగింది, తర్వాత ఆ బీ-275 ట్రాక్టర్ డీజిల్ ఇంజన్‌తో కంపెనీయే జీపులు తెచ్చింది. అంటే పాత బాడీలో వేరే ఇంజన్ అనే హాట్ రాడ్ సూత్రాన్ని మనవాళ్ళూ పాటించారు. వాళ్ళు స్పీడ్ కోసం, మనవాళ్ళు లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఎక్కువ రావడం కోసం. నన్నడిగితే మన కారణమే గట్టిది.

సరదా కోసం చేసినవాళ్ళు లేరని కాదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూశారా? వంకాయ కారు, క్రికెట్ బ్యాట్ కారు, మంచం కారు, అన్నీ నడిచేవే. ఆ మ్యూజియం పెట్టిన సుధాకర్ 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రైసైకిల్‌తో గిన్నిస్‌కెక్కారు. వీలుంటే ఫోన్ తీసుకుని వెళ్ళండి, వైడ్ లెన్స్‌కి అక్కడ బోలెడు పని.

మామ జీపు అంత వింతగా ఉండదు. ఇంజన్ డీజిల్. టాప్ తీసేసి వెనక ఇనుప పైపులతో రోల్ కేజ్ వెల్డింగ్ చేయించారు. ముందు అద్దం బానెట్ మీదికి మడిచి పెట్టొచ్చు. మిరపపండు ఎరుపు పెయింట్, క్రోమ్ పూత వేయించిన ముందు బంపర్, దాని మీద రెండు పసుపు లైట్లు. వీటన్నిటికంటే నాకు నచ్చింది గేర్ రాడ్ మీది చెక్క నాబ్. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేసే కళ ఉంది కదా, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ పనిచేసే ఒకాయన చాలా ఏళ్ళ క్రితం నర్ది చెక్కతో చేసిచ్చాడట. చుట్టూ సన్నటి గీతలు, పైన చిన్న పువ్వు. ఇన్నేళ్ళ చేతి చెమటకి పువ్వు సగం అరిగింది.

చేతిలో ఉన్న ఫోన్లు

మూడు. నా సొంతది ముప్పై వేల రేంజ్ ఫోన్. రెండోది ఫ్రెండ్ దగ్గర అరువు తీసుకున్న ఫ్లాగ్‌షిప్, టెలిఫొటో లెన్స్‌తో. మూడోది మామ వాడే పన్నెండు వేల ఫోన్. పేర్లు రాయడం లేదు. ఎందుకంటే ఇక్కడ చెప్పే జబ్బు ఏ ఒక్క కంపెనీదీ కాదు, మూడింటికీ ఉంది.

జబ్బు ఏంటంటే, ఇప్పటి ఫోన్ ఒక్క ఫొటో తియ్యదు. మీరు బటన్ నొక్కే లోపే చాలా ఫ్రేములు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నీడల్ని పైకి లేపి, వెలుగుని కిందికి దించి, నాయిస్‌ని తుడిచి, అంచుల్ని చెక్కి మీకిస్తుంది. మనుషుల ఫొటోలకి, రాత్రి ఫొటోలకి ఇది నిజంగా వరం. కానీ రేకు మీద లోతు లేని సొట్ట అంటే వెలుగులో చిన్న తేడా, అంతే. తుప్పు మొదలైన చోట పెయింట్ కింద వచ్చే బుడిపెలూ అంతే. తక్కువ కాంట్రాస్ట్‌లో ఉన్న సన్నటి వివరాన్ని నాయిస్ రిడక్షన్ నాయిస్ అనుకొని చదును చేసేస్తుంది. దాని పైన హెచ్‌డీఆర్ వచ్చి సొట్ట లోపలి నీడని కూడా లేపుతుంది. నీడ పోయాక సొట్ట ఎక్కడ కనిపిస్తుంది?

ఆటో మోడ్‌లో తీసిన మొదటి ఫొటో చూసి మామ అన్న మాట: "ఏందబ్బయా, ఇది మన జీపేనా? నా పెళ్ళికి ఊరేగినప్పుడు కూడా ఇంత నున్నంగా లేదే." విచిత్రం ఏంటంటే అన్నిటికంటే ఎక్కువ నునుపు చేసింది ఫ్లాగ్‌షిప్పే. పన్నెండు వేల ఫోన్‌లో ఫొటో కొంచెం మసగ్గా ఉంది కానీ డ్రైవర్ వైపు డోర్ దగ్గరున్న పెద్ద సొట్ట అందులోనే బాగా తెలుస్తోంది.

ఎండ, కొండ, ఏటవాలు వెలుగు

ఉదయగిరి ఊరికి పడమటి వైపు కొండ. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో గజపతుల దగ్గర గెలుచుకున్న దుర్గం దాని మీదే ఉంది. ఫొటోలు తీసేవాడికి మాత్రం ఆ కొండతో వేరే లెక్క. సూర్యుడు దిగంతం దాకా దిగకముందే కొండ వెనక్కి పోతాడు. అంటే మామూలు ఊళ్ళలో దొరికే చివరి బంగారు ఎండ ఇక్కడ ముందే అయిపోతుంది. తర్వాత పరిచినట్టుగా మెత్తటి వెలుగు, అదీ ఎక్కువసేపు.

ఆ రెండు వెలుగులూ మనకి కావాలి, కానీ వేర్వేరు పనులకి. మెత్తటి వెలుగులో రంగు సరిగ్గా వస్తుంది, బంపర్ మీద తెల్లటి మరకలు పడవు. కాబట్టి మొత్తం బండి కనిపించే ఫొటోలు కొండ నీడ పడ్డాక తీశాను. రేకు అసలు స్వరూపం కావాలంటే మాత్రం పక్క నుంచి వచ్చే ఎండే కావాలి. అందుకని అంతకు ముందే జీపుని ఎండకి వాలుగా నిలబెట్టి, వెలుగు డోర్ మీద జారిపోయేలా చూసుకుని సొట్టలన్నీ తీసేశాను. ఎండ లేకపోతే ఇంకో ఫోన్ టార్చ్‌ని రేకుకి దాదాపు ఆనించి పక్క నుంచి వేసినా పని జరుగుతుంది. ఫోన్ సొంత ఫ్లాష్ మాత్రం వద్దే వద్దు. లెన్స్ పక్క నుంచే సూటిగా కొట్టే వెలుగులో గోడ కూడా అద్దంలా కనిపిస్తుంది.

ఇక సెట్టింగ్స్. ప్రో మోడ్, రా ఫార్మాట్. మీ ఫోన్‌లో రా లేకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ పెట్టి చూడండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డీఎన్‌జీ ఫైల్ ఇస్తుంది. రా అంటే సెన్సర్‌కి కనిపించింది దాదాపు అలాగే మీకు ఇవ్వడం. నాయిస్ ఉంటుంది, రంగులు చప్పగా ఉంటాయి, ఒక్కో ఫైల్ పాతిక ఎంబీ దాటొచ్చు. అయినా సొట్ట సొట్టలానే ఉంటుంది. ఒక హెచ్చరిక: కొన్ని ఫోన్లలో ప్రో మోడ్‌లో తీసే "రా" కూడా నాలుగైదు ఫ్రేములు కలిపిందే. అది చెడ్డది కాదు కానీ, అందులో కూడా కొంత వంట జరిగే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఐఎస్‌ఓ 50 లేదా 100 మీద లాక్ చేసి, ఫోన్‌ని టీ బండి పక్కనున్న స్టూల్ మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టాను. ట్రైపాడ్ ఉంటే సరే, లేకపోతే స్టూల్ చాలు.

ఎరుపుతో తంటా

ఎర్ర బండి తీసిన ఎవరినైనా అడగండి, ఇదే చెప్తారు. స్క్రీన్ మీద చూస్తే బానెట్ అంతా ఒకే ఎర్రటి ముద్ద. వంపులు లేవు, గీతలు లేవు. కారణం, మొత్తం ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టే కనిపించినా రెడ్ చానెల్ ఒక్కటే పైకప్పుకి తగిలి ఆగిపోతుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకి ఉండేది 0 నుంచి 255 దాకా మెట్లు. ఎరుపు అంతా 255 దగ్గర అతుక్కుపోతే దానిలో తేడాలు ఏముంటాయి? దానికి తోడు ఫోన్లు ఎరుపుని కావాలనే ఇంకాస్త చిక్కగా చేస్తాయి, చూడగానే బాగుంటుందని.

ఎక్స్‌పోజర్‌ని మైనస్ 0.7 దాకా తగ్గించి తీస్తే వంపులు తిరిగొచ్చాయి. నీడలు కొంచెం నల్లబడ్డాయి కానీ రాలో వాటిని తర్వాత లేపుకోవచ్చు. పోయిన ఎరుపు మాత్రం రాదు. వైట్ బ్యాలెన్స్ కోసం సులువైన పద్ధతి, మొదటి ఫ్రేములో బానెట్ మీద తెల్ల ఏ4 కాగితం పెట్టి తియ్యండి. తర్వాత లైట్‌రూమ్‌లోనో స్నాప్‌సీడ్‌లోనో డ్రాపర్‌తో ఆ కాగితాన్ని తాకితే రంగు సరిపోతుంది. అదే విలువ మిగతా ఫొటోలన్నిటికీ వేసుకోవచ్చు. నీడలో తీసిన ఎరుపు ఊదా వైపు ఎందుకు జారిందా అని బుర్ర గోక్కోనక్కర్లేదు.

రంగు ఎందుకంత ముఖ్యం అంటే, మామ జీపు ఎడమ మడ్‌గార్డు ఒకటి తర్వాత వేయించిన పెయింట్. పక్కపక్కన చూస్తే ఒక పిసరు ముదురు. కొనేవాడు ముందు వెతికేది ఇదే, ఎక్కడ రంగు తేడా ఉంటే అక్కడ పని జరిగినట్టు. ఆటో మోడ్‌లో రెండూ ఒకటే ఎరుపు. మైనస్ 0.7లో తేడా స్పష్టంగా పడింది.

అద్దంలో మనం పడకుండా

మెరిసే బండిని తీస్తే అందులో కొండ, టీ బండి, ఫోన్ పట్టుకున్న నేను, నా వెనక నిలబడి సలహాలిచ్చే నలుగురు, అందరం పడతాం. దీనికి పోలరైజింగ్ ఫిల్టర్ మందు. ఫోన్‌కి క్లిప్‌తో పెట్టేవి దొరుకుతాయి. అవి లేకపోతే పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు తీసి ఒక అద్దాన్ని లెన్స్‌కి అడ్డంపెట్టి మెల్లగా తిప్పి చూడండి. పెయింట్ మీద, గాజు మీద పడే ప్రతిబింబం సుమారు 55 డిగ్రీల కోణంలో చూసినప్పుడు బాగా పోలరైజ్ అవుతుంది, అక్కడ ఫిల్టర్ దాన్ని దాదాపు తినేస్తుంది. బానెట్ మీద ఆకాశం మాయమై కింద ఉన్న గీతలు బయటికి రావడం చూస్తే భలే ఉంటుంది.

బంపర్ మీద మాత్రం ఈ మంత్రం పారదు. క్రోమ్ లోహం, లోహం మీది ప్రతిబింబం పెయింట్ మీది దానిలా పోలరైజ్ అవ్వదు. దానికి ఒకటే దారి, బంపర్‌లో ఏం పడుతోందో దాన్నే మార్చడం. అత్త ఇచ్చిన తెల్ల దుప్పటిని ఇద్దరు కుర్రాళ్ళతో ఎదురుగా పట్టించాను. బంపర్ మొత్తం తెల్లగా వచ్చింది, పూత లేచిన మూడు చోట్లు నల్లగా తేలాయి.

లెన్స్ సంగతి క్లుప్తంగా చెప్తా. 1ఎక్స్ లెన్స్ దాదాపు 24 ఎంఎం వైడ్. దగ్గరగా నిలబడి తీస్తే ఏడు గళ్ళ గ్రిల్ ముక్కులా ముందుకొచ్చి, వెనక టైర్లు పిల్లల బొమ్మలా చిన్నవైపోతాయి. రెండు మూడు మీటర్లు వెనక్కి నడిచి 2ఎక్స్ లేదా 3ఎక్స్‌లో తియ్యండి. సీజే-3బీ బానెట్ ఎత్తు కాబట్టి నడుము కంటే కిందికి, హెడ్‌లైట్ల ఎత్తుకి ఫోన్ దించితే బండి అసలు నిష్పత్తిలో కనిపిస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ జోలికి వెళ్ళకండి. స్టీరింగ్ మధ్య సందులు, రోల్ కేజ్ పైపులు, మడిచిన అద్దం ఫ్రేము, ఇవన్నీ దానికి అర్థం కావు. ఫ్లాగ్‌షిప్ ఫోన్ కూడా మామ జీపు స్టీరింగ్‌లో పావు వంతు కోసి పారేసింది.

గేర్ నాబ్ ఫొటోకి మాత్రం చాలాసేపు పట్టింది. చెక్క నార, దాని మీద చెక్కిన సన్న గీతలు, అరిగిన పువ్వు. ఆటోలో షార్పెనింగ్ ఎక్కువై నార అంతా ప్లాస్టిక్ మీద గీసిన గీతల్లా అయింది. అరిగిన చోట మాత్రం చదును చేసింది. అంటే ఉన్నదాన్ని ఎక్కువ చేసి, లేనట్టున్నదాన్ని పూర్తిగా తీసేసింది. టెలిఫొటోలో రా తీసి, షార్పెనింగ్ సున్నా చేసి చూస్తే ఆ పువ్వు మూడు రేకులు ఉన్నాయి, రెండు లేవు. చేత్తో తడిమితే ఎలా ఉంటుందో ఫొటో అలాగే ఉంది. మామ ఆ ఫొటోని తన ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టించుకున్నాడు.

సరదాకి ఒకటి తీశాం. జీపుని పాతిక ముప్పై కిలోమీటర్ల వేగంతో నడిపిస్తూ, షటర్ 1/30కి పెట్టి ఫోన్‌ని దానితోపాటే తిప్పుతూ పానింగ్ షాట్. ఇరవైలో ఒకటి కుదిరింది. అది కొనేవాళ్ళకి పంపలేదు, నాకోసం.

సీటు కింద

చెన్నై ఆయన్ని వెనక్కి పంపింది ఈ భాగమే కాబట్టి ఇక్కడ మొహమాటం పనికిరాదు. సీటు తీసేసి, ఫ్లోర్ రేకు మీద టార్చ్ పక్కగా వేసి తీశాను. గ్యాస్ వెల్డింగ్‌తో వేసిన ప్యాచ్ ఉంది. దాని అంచున చిన్న బొక్క. ఎంత చిన్నది అన్నది ఫొటోలో తెలియదు కాబట్టి పక్కన పది రూపాయల బిళ్ళ పెట్టాను. అది 27 మిల్లీమీటర్లు ఉంటుంది, చూసేవాళ్ళే లెక్కేసుకుంటారు. చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్, ఆర్సీ వివరాలు కూడా విడివిడిగా తీశాను. చాసిస్ నంబర్ ఇనుము మీద కొట్టిన అక్షరాలు కాబట్టి సూటి వెలుగులో చదవలేం. అక్కడ కూడా పక్క టార్చే.

ఫొటోలతోపాటు ఒక వీడియో తప్పనిసరి: పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చెయ్యడం. పొగ రంగు, ఎన్ని సెల్ఫులకి పట్టుకుంది, ఐడిల్‌లో ఊగుతోందా, అన్నీ అందులో తెలుస్తాయి. ఇక్కడా ఫోన్ అతితెలివి చూపిస్తుంది. శబ్దం పెద్దదైతే తగ్గిస్తుంది, చిన్నదైతే పెంచుతుంది. డీజిల్ ఇంజన్ కొట్టుకునే మోతని రణగొణ ధ్వని అనుకొని మెత్తబరుస్తుంది. వీడియో సెట్టింగ్స్‌లో విండ్ ఫిల్టర్, ఆడియో జూమ్ లాంటివన్నీ ఆపేసి, ఇంజన్‌కి రెండు మీటర్ల దూరంలో పెట్టండి.

పంపడం కూడా ఒక కళే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే పడ్డ కష్టమంతా కంప్రెషన్‌లో కొట్టుకుపోతుంది. 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత మెరుగే కానీ అదీ కుదిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. అయితే డాక్యుమెంట్‌గా పంపిన ఫైల్‌లో లొకేషన్ వివరాలు కూడా అలాగే వెళ్తాయి. ఇంటి దగ్గర తీసిన ఫొటో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి పంపితే ఇంటి అడ్రస్ రాసిచ్చినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ముందే ఆపుకోండి.

కాగితాల సంగతి తెలుసుకుని కొనండి

ఇలాంటి బండి మీద మనసు పడే కుర్రాళ్ళ కోసం ఒక మాట. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పోనీ వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామంటే, 2021లో వచ్చిన నిబంధనల్లో మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి ఫీజు 20,000 రూపాయలు. అదీ ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి, ఆయిల్ పోయించుకోవడానికి తప్ప రోజూ తిప్పడానికి కాదు. అంటే వయసులో మామ జీపు వింటేజ్ అయినా, ఇంజన్ మారింది కాబట్టి ఆ వరసలో నిలబడదు. దానికున్న బలం ఒకటే: డీజిల్‌కి మారినప్పుడు ఆ రోజుల్లోనే ఆర్సీలో ఎక్కించారు, రెన్యువల్ ప్రతిసారీ చేయిస్తూ వచ్చారు. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబర్‌కి, ఇంజన్ మీద ఉన్న నంబర్‌కి పొంతన లేకపోతే పెయింట్ ఎంత మెరిసినా ఆ బండి వద్దు. ఫొటో అడిగేటప్పుడు ముందు ఆ రెండూ అడగండి, సూర్యాస్తమయం ముందు పోజు తర్వాత.

మొత్తం ఇరవై రెండు ఫొటోలు, ఒక వీడియో పంపాం. అందులో పద్నాలుగు బండి లోపాలవే. బెంగళూరాయన మరుసటి రోజు ఫోన్ చేసి ముందు అడిగింది పది రూపాయల బిళ్ళ ఫొటో గురించి. ఆ పక్కన ఉన్న చాసిస్ మెంబర్ ఇంకో కోణంలో కావాలన్నారు, పంపాం. తర్వాత ఆదివారం ఆత్మకూరు వచ్చారు. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి డోర్లన్నీ తడిమారు, పట్టీ ఎక్కడ మందంగా ఉందో చూడటానికి. ముదురు మడ్‌గార్డు దగ్గర అది జారింది. "ఇది ఫొటోలోనే అర్థమైందిలే" అన్నారు. బేరం పదిహేను వేల దగ్గర కాసేపు ఆగి, కాఫీలయ్యాక తెగింది.

జీపు ఎక్కబోతూ ఆయన ఆగారు. గేర్ రాడ్ మీద మామూలు నల్ల ప్లాస్టిక్ నాబ్ ఉంది. పొద్దున్నే మామ చెక్కది విప్పి లోపల దాచుకున్నాడు. "నాలుగో ఫొటోలో చెక్కది ఉంది కదండీ?" అన్నారాయన. మామ నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. అత్త లోపలికెళ్ళి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఉదయగిరిలో ఇంకోటి చేయిస్తున్నారు, ట్రాక్టర్‌కి. నమూనా అడిగితే మామ తన ఫోన్ వాల్‌పేపర్ చూపించాడట. ఆ చేసేవాయన దాన్ని పెద్దది చేసి చూసి, లేని రెండు రేకులు కూడా చెక్కమంటావా వద్దా అని అడిగాడట. మామ ఇంకా చెప్పలేదు.